పర్లాకిమిడి బళ్ల మీది యాపిళ్లు: తక్కువ క్యాలరీల వంటకు ఏ రకం నిలుస్తుంది?

వంటకని యాపిల్ కొనేటప్పుడు రంగు చూసి కొంటే సగం డబ్బు దండగ. నిగనిగలాడే ఎర్ర డెలీషియస్ మూత పెట్టి పది నిమిషాలు ఉడికిందంటే ముద్దయి కూర్చుంటుంది. అందులో పులుపు తక్కువ కాబట్టి కూర చప్పగా దిగుతుంది. ఆ చప్పదనం కప్పడానికి చింతపండు, దానికి తోడు బెల్లం, పైన ఇంకో చెంచా నూనె. క్యాలరీల లెక్క తప్పేది అక్కడే. పాతపట్నం దాటాక ఒడిశా వైపు పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం దాకా బళ్ల మీద కనిపించే రకాల్లో కూరకు మొదటి మార్కు పచ్చ గ్రానీ స్మిత్‌కే. ఎర్ర డెలీషియస్‌కు ఖటా, అంటే ఒడియావాళ్ల తీపి పులుపు పచ్చడి, ఒక్కటే సరైన చోటు. మిగతావి ఆ రెండింటి మధ్య ఎక్కడో పడతాయి.

రకాల సంగతికి ముందు ఒక లెక్క చూసుకోవాలి. వంద గ్రాముల యాపిల్‌లో సుమారు 52 క్యాలరీలు. బంగాళాదుంపలో 77. గుమ్మడికాయలో 26, ఆనపకాయలో 15. అంటే ఒడియావాళ్ల కూరగాయల పప్పు దాల్మాలో గుమ్మడి తీసేసి యాపిల్ వేసి "డైట్ దాల్మా" అంటే అది ఉత్త మాట, క్యాలరీలు పెరిగాయన్నమాట. బంగాళాదుంప, కంద, అరటికాయ ఉన్నచోట యాపిల్ వేస్తే లాభం. బెల్లం, పంచదార పడేచోట వేస్తే ఇంకా లాభం. ఈ రెండూ కాకపోతే యాపిల్‌ను పచ్చిగా కొరుక్కు తినడమే మేలు. జ్యూస్ మాత్రం వద్దు. పీచు పిప్పిలో పోతుంది, చక్కెర గ్లాసులో మిగులుతుంది.

గ్రానీ స్మిత్ బయటి దేశాల నుంచి వచ్చే సరుకు. ఎర్రవాటి కంటే ధర ఎక్కువ, చిన్న ఊళ్లలో అన్ని రోజులూ దొరకదు. ఇవి రెండూ నిజమైన లోపాలే. కానీ గట్టి కండ, మంచి పులుపు ఉన్న కాయ. ఉడికినా ముక్క ముక్కగానే ఉంటుంది, చింతపండు అక్కర్లేదు. దీనికి అన్నిటికంటే బాగా కుదిరేది ఆవ పెట్టిన కూర.

ముగ్గురికి రెండు మధ్యరకం కాయలు చాలు, గింజల భాగం తీసేస్తే 300 గ్రాములు వస్తాయి. తొక్క తీయొద్దు. పీచులో మంచి భాగం అందులోనే ఉంది, ముక్క విడిపోకుండా పట్టి ఉంచేదీ అదే. అర అంగుళం ముక్కలు కోసి, కోసినవి కోసినట్టే అర లీటరు నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి అందులో వేయాలి. లేకపోతే గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతాయి. ఒక చెంచా ఆవాలు పావుగంట చన్నీళ్లలో నానబెట్టి, ఒక పచ్చిమిర్చి, చిటికెడు పసుపు, పావు చెంచా ఉప్పుతో మెత్తగా నూరాలి. మూకుట్లో ఒకే ఒక్క చెంచా నూనె కాచి శనగపప్పు, మినప్పప్పు అరేసి చెంచా, రెండు ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేయించాలి. వడేసిన ముక్కలు వేసి, రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూత పెట్టి సన్న సెగ మీద నాలుగు నిమిషాలు. పుల్ల గుచ్చితే దిగాలి, ముక్క మాత్రం విరగకూడదు. దించి ఐదు నిమిషాలు చల్లారనిచ్చాక ఆవముద్ద కలపాలి. మొత్తం 260 క్యాలరీల చిల్లర, మనిషికి 90 లోపే.

ఈ కూర చెడేది రెండు చోట్ల. ఆవముద్దను పొయ్యి మీద ఉండగానే కలిపితే ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది. వేడినీళ్లతో నూరినా ఘాటు పుట్టదు, మిక్సీ వేడెక్కేదాకా తిప్పినా చేదే. రెండోది నూనె. చెంచా నూనెకు 45 క్యాలరీలు. సీసా వంచి అలవాటు కొద్దీ పోస్తే నాలుగు చెంచాలు ఇట్టే పడతాయి, అంటే 180. కూరలో ఉన్న యాపిల్ మొత్తానికి ఉన్నది 156! కొలిచి పోయనివాళ్లకు ఏ యాపిల్ కొన్నా ఒకటే. ఇంకో మాట, ఈ కూర పూటకే. రాత్రికి ఉంచితే ఉప్పుకు ఊట దిగి ముక్కలు నీళ్లలో తేలతాయి.

ఇక డెలీషియస్. కాశ్మీరు కాయ సెప్టెంబరు నుంచి దండిగా దిగుతుంది, అప్పుడు కొన్నది కరకరలాడుతుంది. వేసవికి వచ్చేది కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉన్న సరుకు. పైకి అదే ఎరుపు, లోపల ఇసకలా పిండిపిండిగా ఉంటుంది. మార్గశిర లక్ష్మివారాల పూజకు కొన్నవి, ప్రసాదానికి వచ్చినవి కలిసి ఇంట్లో అరడజను పోగయి మెత్తబడడం ఈ వైపు అందరికీ తెలిసిన సంగతే. అలాంటి కాయకు టమాటా ఖటా కంటే మంచి దారి లేదు. బెల్లం చేయాల్సిన పని అదే చేస్తుంది.

నలుగురికి 400 గ్రాముల టమాటాలు, గింజలు తీసి తొక్కతోనే ముతకగా తురిమిన యాపిల్ 150 గ్రాములు. చెంచా నూనెలో అర చెంచా పంచఫుటణ (ఒడియా వంటల్లో వేసే ఐదు దినుసుల పోపు), రెండు ఎండుమిర్చి, అంగుళం అల్లం ముక్క దంచి వేయాలి. పంచఫుటణలో మెంతులు ఉంటాయి కాబట్టి ఆవాలు చిటపటలాడిన వెంటనే టమాటా పడిపోవాలి. మెంతి నల్లబడితే ఎంత యాపిల్ వేసినా ఆ చేదు విరగదు. ఉప్పు, పసుపు వేసి మూత లేకుండా ఆరేడు నిమిషాలు మగ్గాక తురుము కలిపి, సన్న సెగ మీద మరో ఎనిమిది నిమిషాలు. తురుమును పిండొద్దు, తీపి ఆ రసంలోనే ఉంది. మూత పెట్టారంటే నీళ్లు పోయే దారి లేక ఖటా పులుసవుతుంది. చివర్లో వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి. మొత్తం 200 క్యాలరీలు, మనిషికి 50. ఇదే ఖటాకు 60 గ్రాముల బెల్లం వేస్తే బెల్లానికే 230. అయితే చక్కెర జబ్బు ఉన్నవాళ్లు బెల్లం లేదు కదా అని గిన్నె ఖాళీ చేయకూడదు. వంద గ్రాముల యాపిల్‌లోనూ పది గ్రాముల చక్కెర ఉంటుంది.

గోల్డెన్, అంటే పసుపు కాయ, కనిపిస్తే వదలొద్దు. గ్రానీ అంత పులుపు ఉండదు గానీ ముక్క నిలుస్తుంది, ఆవకూరలో చివర నిమ్మరసం పిండితే సరిపోతుంది. హిమాచల్ నుంచి జూన్ చివర, జులైలో ముందుగా దిగే టైడ్‌మన్ రకం చిన్నగా, కాస్త పుల్లగా ఉంటుంది. తినడానికి కొనేవాళ్లు పట్టించుకోరు, వంటకు మాత్రం మంచిది. నిలవ ఉండదు కాబట్టి రెండు రోజులకు సరిపడానే కొనాలి. రాయల్ గాలా తియ్యగా, పల్చటి తొక్కతో ఉంటుంది. పెరుగు పచ్చడి దాటి ముందుకు రాదు. ఆ పచ్చడికి కూడా ఉప్పు వడ్డించే ముందే, లేకపోతే పెరుగు నీళ్లోడుతుంది.

ఫ్యూజీని పొయ్యి ఎక్కించడం వృథా, చోడి (రాగి) అంబలికి మాత్రం అది భేషైన కాయ. 30 గ్రాముల చోడిపిండి ముందు కాసిని చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మొత్తం 400 మిల్లీలీటర్ల నీళ్లతో ఎనిమిది నిమిషాలు కాయాలి. చల్లారాక గ్లాసుడు పల్చటి మజ్జిగ, ఉప్పు, 75 గ్రాముల ఫ్యూజీ తురుము. 170 క్యాలరీల దగ్గర పొద్దున్న పూట గడిచిపోతుంది. మజ్జిగ బదులు పాలు పోసేవాళ్లు పుల్ల కాయ జోలికి వెళ్లొద్దు. వేడి పాలలో గ్రానీ తురుము పడితే విరుగుతాయి.

బండి దగ్గర చూడాల్సింది కాడ. పచ్చగా, నిండుగా ఉంటే కాయ కోసి ఎక్కువ కాలం కాలేదు, ముడుచుకుని పుల్లలా ఉంటే పాతది. వేలితో కొడితే గట్టిగా మోగాలి, మొద్దుగా పలికితే లోపల పిండిబారింది. స్టిక్కర్ మీద 4017 ఉంటే గ్రానీ స్మిత్, 4131 ఫ్యూజీ, 4016 పెద్ద డెలీషియస్. ఆ అంకె రకాన్ని, సైజును చెబుతుంది గానీ తాజాదనం చెప్పదు. పైగా స్టిక్కర్ అంటించడానికి చేతులుంటే చాలు. గోటితో గీకితే తెల్లగా పొడి రాలిందంటే మైనం పూత. గోరువెచ్చటి నీళ్లలో ముంచి గుడ్డతో గట్టిగా తుడిస్తే చాలావరకు పోతుంది.

ఇనప కత్తిపీట, ఇనప మూకుడు ఈ వంటకు పనికిరావు. ఇనుము తగిలితే కాయ నల్లబడుతుంది, కూరకు లోహపు రుచి వస్తుంది. స్టీలుదే వాడాలి. ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు సంచిలో కట్టి పెట్టాలి. యాపిల్ వదిలే ఎథిలీన్ అనే వాయువుకు పక్కనున్న తోటకూర, కొత్తిమీర పసుపెక్కిపోతాయి.

సాయంత్రం పూట కుప్ప పోసి చవకగా ఇచ్చే దెబ్బ కాయలు ఖటాకు బాగానే పనికొస్తాయి, కమిలినంత మేర కోసి పారేస్తే చాలు. బూజు పట్టినదాన్ని మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. పటులిన్ అనే విషం బూజు చుట్టూ ఉన్న కండలోకీ పాకుతుంది, ఉడికించినా పూర్తిగా పోదు.