22 రోజుల సముద్రంలో మంచినీళ్ల మిషన్: నాలుగు స్టార్లు

ఓడల్లో ఇంజనీరుగా ఉన్నన్నాళ్లూ నీళ్లని టన్నుల్లో లెక్కపెట్టాను. రిటైరయ్యాక స్నేహితుడి తెరచాప పడవ ఎక్కితే గ్లాసుల్లో లెక్కపెట్టాల్సొచ్చింది. స్పెయిన్ వాళ్ల కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్ దీవి సెయింట్ లూసియాకి, అట్లాంటిక్ మీద దాదాపు 2,700 నాటికల్ మైళ్లు, నలుగురం.

మూడు వారాలు పడుతుందనుకున్నాం. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు 3 లీటర్లు, మొత్తం 252. దానికి సగం కలిపి 378. ట్యాంకుల్లో 320 నింపి, 5 లీటర్ల బాటిళ్లు 12 పేర్చాం. మిషన్ లేదనుకునే ఈ లెక్క వేశాను. స్నేహితుడు నవ్వాడు.

ఇక మిషన్. సముద్రపు నీటిని ఒత్తిడితో మెంబ్రేన్ (ఉప్పుని ఆపే సన్నటి పొర) గుండా నెట్టి ఉప్పు వదిలించే రకం, 12 వోల్టులది. 4 ఆంపియర్లు లాగి గంటకు 6 లీటర్లలోపే ఇస్తుంది. పాత కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు చప్పుడు. రోజూ రెండు గంటలు నడిపితే మా ఖర్చుకి సరిపోయేది, సోలార్ ప్యానెళ్లే చాలు. రుచి చప్పగా ఉన్నా టీ మాత్రం బాగా కుదిరింది. హార్బరులో నడపకండి, నీళ్ల మీది నూనె తెట్టు మెంబ్రేన్‌ని తినేస్తుంది. కుళాయి నీళ్లతో కడిగితే క్లోరిన్ పోయేలా కార్బన్ ఫిల్టర్ తప్పనిసరి.

గిన్నెలు సముద్రపు నీళ్లతోనే తోమి, చివర్లో స్ప్రే బాటిల్‌తో మంచినీళ్లు కొట్టేవాళ్లం. అన్నంలో నాలుగో వంతు సముద్రపు నీళ్లు పోస్తే ఉప్పు వేయక్కర్లేదు. అదే తెలివి పప్పు మీద చూపించాను. రెండు గంటలైనా గింజ మెత్తబడలేదు, గ్యాస్ దండగ. ఆ పప్పు చేపలకే పోయింది.

13వ రోజు పంపు సీలు కారడం మొదలైంది. పడవ ఊగుతుంటే పడుకుని రెంచి తిప్పుతూ నాలుగు గంటలు. స్పేర్ సీలు విడిగా కొన్నాను కాబట్టి సరిపోయింది, పెట్టెలో ఇవ్వరు. ఒక్క మిషన్ చూసి కంపెనీని అనడం ఎందుకని పేరు రాయట్లేదు. ట్యాంకులు నిండుగా ఉన్నాయి కాబట్టి ఎవరూ టెన్షన్ పడలేదు. స్నేహితుడు కూడా నవ్వలేదు.

ధర మాత్రం చిన్న కారుకి దగ్గరగా ఉంది. సెయింట్ లూసియాలో దిగేసరికి 12 బాటిళ్లలో 9 మూత కూడా తీయలేదు. ఐదో స్టారు, ఆ సీలు కిట్ పెట్టెలో పెట్టిన రోజు ఇస్తాను.