హ్యామ్ టవర్ పర్మిషన్ సర్వీస్: డ్రాయింగ్ సూపర్, మిగతాది మనమే చూసుకోవాలి

హ్యామ్ అంటే హాబీగా నడిపే అమెచ్యూర్ రేడియో. దాని యాంటెన్నా కోసం ఇంటి వెనక 12 మీటర్ల టవర్ వేద్దామని పర్మిషన్ పని మొత్తం ఒక సర్వీస్ వాళ్ళకి అప్పజెప్పా, పేరు చెప్పను గానీ 5కి 3 ఇస్తా. హ్యామ్ లైసెన్స్ ఉందిగా ఇంకేం కావాలి అనుకున్నా మొదట్లో. లైసెన్స్ గాల్లో మాట్లాడ్డానికే, నేలలో ఇనుము పాతాలంటే లోకల్ ఆఫీస్ పర్మిషన్ వేరే, దానికీ దీనికీ సంబంధమే లేదు.

వాళ్ళ ఇంజనీర్ మాత్రం పనిమంతుడు. టేపు పట్టుకుని పునాది నుంచి నాలుగు గోడల దాకా కొలిచాడు, ఇంత ఎత్తు నిజంగా కావాలా సార్ అన్నాడు. 20 మీటర్ బ్యాండ్‌లో, అంటే తరంగం పొడవు (వేవ్‌లెంగ్త్) సుమారు 20 మీటర్లుండే చోట, దూరం కొట్టాలంటే యాంటెన్నా కనీసం సగం వేవ్‌లెంగ్త్ పైన, అంటే 10 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే మంచిది అని చెప్తే ఆ లెక్కే ఫైల్లో కారణంగా రాసేశాడు. టవర్‌ని పక్కల నుంచి లాగి పట్టే గై వైర్ల యాంకర్లు, కాంక్రీట్, ఎర్తింగ్ అన్నీ ఒకే షీట్ మీద నీట్‌గా గీశాడు.

ఆ షీట్ చూసి అప్లికేషన్ నింపాల్సిన వాళ్ళేమో చూడకుండా నింపారు. టవర్ 12 మీటర్లని రాసి పైన యాంటెన్నా బిగించే ఒకటిన్నర మీటర్ గొట్టం (మాస్ట్) ఉందన్న సంగతి మర్చిపోయారు, యాగీ (అడ్డకడ్డీల యాంటెన్నా) విండ్ ఏరియా, అంటే దానికి గాలి తగిలే వైశాల్యం, రాసే దగ్గరైతే ఖాళీ. గాలి వేగం ఒకటిన్నర రెట్లయితే అది తోసే బలం రెండుంబావు రెట్లవుతుంది, ఆ బలం పైనున్న యాగీ మీదా పడుతుంది, దాన్నే వదిలేస్తే ఫైల్ వెనక్కి రాక ఏమవుతుంది? వచ్చింది. అడిగితే చిన్న మిస్టేకండీ అన్నారు. మళ్ళీ మొదట్నుంచి క్యూ.

ఇంకోటి నాకు అసలు నచ్చలేదు. పక్కింటి వాళ్ళ సంతకం కావాలంటే టీవీ యాంటెన్నా అని చెప్పేయండి సార్ అని సలహా ఇచ్చారు. రేపు మూడు ఎలిమెంట్ల (అడ్డకడ్డీల) యాగీ పైకెక్కాక ఆయన మొహం ఎలా చూడాలి? నేనే వెళ్ళా. "సెల్ టవరా బాబూ?" అన్నారు పెద్దాయన. లోపలికి తీసుకొచ్చి సెట్ చూపించా, మైక్ బటన్ నొక్కి మాట్లాడితేనే మీటర్ ముల్లు లేస్తుంది, వదిలేస్తే పడిపోతుంది, సెల్ టవర్ లాగా రోజంతా పంపుతూ ఉండదు అని చెప్పా. మరి నా టీవీలో గీతలొస్తే అన్నారు. తలుపు కొట్టండి, ఫెరైట్ (అలా వచ్చే రేడియో సిగ్నల్‌ని తగ్గించే ముక్క) నేనే తెచ్చి మీ కేబుల్‌కి తగిలిస్తా అన్నా. వైరు మా గోడ దాటకూడదు అన్నారు, ఇంజనీర్ షీట్ ఆయన ముందు పరిచా, వేలు పెట్టి చూసుకుని సంతకం పెట్టారు. అంటే అక్కడ కూడా పనికొచ్చింది ఆ షీటే.

వెళ్తే డ్రాయింగ్ వరకే మాట్లాడుకోండి, అప్లికేషన్ మీరే నింపుకోండి. రెండోసారి నేనే నింపా, పాసైంది. ఇప్పుడు పునాదికి రోజూ నీళ్ళు కొడుతున్నా, పెద్దాయన గోడ మీంచి చూస్తూ ఇంకెప్పుడు నిలబెడతావయ్యా అంటున్నారు.