16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయరుతో ఒక చలికాలం

నవంబరు చివర గుంటూరు పట్నం బజారులో 3,200 రూపాయలకు ఈ స్ప్రేయరు కొన్నాను. మంగళగిరి దగ్గర మా ఎకరన్నర దొడ్డిలో 18 మామిడి చెట్లు, 25 నిమ్మ చెట్లు, 40 నాటుకోళ్లు ఉన్నాయి. ధనుర్మాసంలో వీటన్నిటి పనీ ఒక్కసారే మీదపడుతుంది. చేతిపంపు కొట్టే ఓపిక నాకిప్పుడు లేదు.

మొదట నిమ్మ చెట్ల ఎండుపుల్లలు కత్తిరించి, తెగుళ్లు రాకుండా ఒక శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేశాను. అర కిలో మైలుతుత్తాన్ని ఒక ప్లాస్టిక్ తొట్టిలో, అర కిలో సున్నాన్ని మరో తొట్టిలో విడివిడిగా కరిగించి, రెండింటినీ కలిపి 50 లీటర్లు చేసుకున్నాను. అందులో కొడవలి మొన ముంచి తీస్తే ఎర్రటి మరక అంటింది, అంటే మైలుతుత్తంలోని రాగి ఇంకా మిగిలి ఉందన్నమాట. మరక అంటడం ఆగేవరకు ఇంకాస్త సున్నపు తేట కలిపాను. అయినా మొదటి ట్యాంకు సగం కాకముందే సున్నపు నలుసులు చేరి నాజిల్ మూసుకుపోయింది. ట్యాంకు మూతి దగ్గరున్న జల్లెడ ఈ పనికి చాలదు. పాత పంచెను రెండు మడతలు వేసి వడకట్టాకే ధార సన్నగా, సమంగా వచ్చింది.

మామిడికి పూమొగ్గ కనిపించగానే, బూడిద తెగులు రాకుండా, నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు 3 గ్రాముల చొప్పున, ఆకుల మీద మంచు ఆరాక కొట్టాను. గంధకం అడుగున పేరుకుంటుంది కాబట్టి మధ్యమధ్య ట్యాంకును కుదపాలి. పన్నెండు అడుగుల వరకు మందు చక్కగా అందింది. పాత బంగినపల్లి చెట్ల చిటారు కొమ్మలకు మాత్రం అందక, తుంపర నా ముఖం మీదే పడింది. వాటికి పెద్ద యంత్రాన్ని అద్దెకు తెచ్చుకోక తప్పలేదు.

మందు కొట్టిన రోజున కోళ్లను చెట్ల కిందికి పోనివ్వకుండా గంపల కింద కమ్మి, మరునాడు పొద్దెక్కాకే వదిలాము. కోళ్ల గూడుకు ఈ స్ప్రేయరు వాడలేదు. ఎంత కడిగినా మందు కొంత మిగులుతుందని నా భయం. గోడల పగుళ్లలో దాగే చిన్న పురుగుల కోసం కుంచెతోనే సున్నం వేసి, తడిసిన ఊక తీసి పొడి ఊక పోశాము.

ఒకసారి చార్జింగ్ పెడితే 20 ట్యాంకులు వస్తాయని దుకాణంలో చెప్పారు. నాకు 11 దాటలేదు. నిండు ట్యాంకు మోసేటప్పుడు పట్టీలు భుజాన్ని కోస్తాయి. పాత తువ్వాలు చుట్టుకున్నాను. మూడో వారంలో పిడి దగ్గర కారడం మొదలైతే వాషరు ఉచితంగానే మార్చారు గానీ, దానికోసం గుంటూరు వెళ్లి రావడంతో పూత మీదున్న రోజుల్లో ఒక పూట పోయింది. కొనేవారు రెండు వాషర్లు, ఒక అదనపు నాజిల్ అప్పుడే అడిగి తీసుకోవాలి.