పెంకుల షెడ్డు పోయి కొత్త ఫైర్ స్టేషన్ వచ్చాక: ఇన్నేళ్ళు వాడి చెబుతున్న మాట

2018 వేసవిలో పాత పెంకుల షెడ్డు వదిలి ఈ బిల్డింగులోకి మారాం. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం వైపు, ఉప్పుగాలి నేరుగా తగిలే చోటు. పాతది సంత వీధిలో ఉండేది. బండ్లు చిన్నవిగా ఉన్న కాలంలో కట్టింది కాబట్టి కొత్త వాటర్ టెండర్ (నీళ్ళ ట్యాంకు ఉన్న ఫైరింజన్) దాని తలుపులో పట్టేది కాదు, ఏడాది పొడుగునా చింతచెట్టు కిందే. సంత రోజైతే గేటుకి అడ్డంగా కూరగాయల గంపలు. దాని పక్కన ఏ కొత్త బిల్డింగ్ పెట్టినా బాగానే కనిపిస్తుంది, అందుకే మొదటి ఏడాదిలో చెప్పే మెచ్చుకోళ్ళు నమ్మకూడదు.

స్టేషన్ బిల్డింగుకి మా లెక్కలో రెండే పరీక్షలు. గంట కొట్టాక బండి గేటు దాటడానికి ఎంతసేపు, ఖాళీగా తిరిగొచ్చిన బండి మళ్ళీ నిండడానికి ఎంతసేపు. మొదటిదాంట్లో ఇది అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. రెండోదాంట్లో ఫెయిలై, గొట్టం మార్చాక పాసయ్యింది.

నీళ్ళ సంగతే ముందు. టెండర్‌లో 4,500 లీటర్లు. 12.5 మి.మీ. నాజిల్‌తో చదరపు సెంటీమీటరుకి 5 కేజీల ప్రెషర్ మీద కొడితే నిమిషానికి సుమారు 230 లీటర్లు, అంటే 20 నిమిషాలకి ట్యాంకు ఖాళీ. 20 మి.మీ. నాజిల్ పెడితే ఏడెనిమిది నిమిషాలే. తాటికమ్మల ఇళ్ళు వరసగా ఉన్న వీధిలో నిప్పు పడితే ఒక్క ట్యాంకు ఏ మూలకి? దగ్గర్లో బందో (చిన్న చెరువు) గెడ్డో (వాగు) ఉంటే సక్షన్ హోస్ వేసి పంపుతో నీళ్ళు లాగుతాం. ఏప్రిల్, మే నెలల్లో అవీ ఎండిపోతాయి, అప్పుడు స్టేషనే దిక్కు.

కట్టిచ్చిన ఓవర్‌హెడ్ ట్యాంకు 20,000 లీటర్లది, ఎత్తూ సరిపోయింది. కానీ కిందికి దింపిన గొట్టం 50 మి.మీ.ది. ఇంటికి వేసినట్టే వేసేశారు. ఆ ఎత్తు నుంచి అది నిమిషానికి 300 లీటర్లు ఇస్తే గొప్ప, బండి నిండడానికి పావుగంట. దాన్ని పీకి 100 మి.మీ. జి.ఐ. గొట్టం వేశాం, వంపులు రెండుకి తగ్గించాం, చక్రం తిప్పుతూ కూర్చునే గేట్ వాల్వ్ తీసి పావు తిప్పుకి తెరుచుకునే బటర్‌ఫ్లై వాల్వ్ పెట్టాం. ఇప్పుడు అదే ట్యాంకు నుంచి నాలుగు నిమిషాల్లోపు నిండుతోంది. గొట్టం వ్యాసం రెట్టింపు చేస్తే వచ్చే నీరు నాలుగింతలు దాటుతుంది. ఈ చిన్న లెక్క ప్లాను గీసేవాళ్ళకి తెలియదని అనుకోము, కానీ ఎస్టిమేట్‌లో మాత్రం కనపడదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ట్యాంకు అడుగున నీరు తీసే సాకెట్ కూడా 100 మి.మీ. ఉండాలి, కాంక్రీటు పోసే రోజే పెట్టించాలి. తర్వాత కోర్ కటింగ్ (మిషనుతో కాంక్రీటుకి బెజ్జం) చేయిస్తే ఆ అంచు చెమరుస్తూనే ఉంటుంది, మాది ఇప్పటికీ అంతే. రెండోది, గొట్టం కొసన 63 మి.మీ. కప్లింగ్ బిగిస్తే పడిన కష్టమంతా అక్కడే నొక్కుకుపోతుంది. బండి పైమూత మీదికి తిరిగే వంకమెడ పెట్టి, దానికి రెండడుగుల కాన్వాసు గొట్టం తొడగండి, నీరు చిమ్మదు.

కింద సంపు 50,000 లీటర్లది. దాన్ని వెనక మూలలో కట్టారు, బండి అక్కడిదాకా పోదు. సక్షన్ హోస్ ముక్క 2.5 మీటర్లు. రెండు ముక్కలకి అందేంత దగ్గర్లో సంపు నోరు ఉంటే వారం వారం పంపు పరీక్ష స్టేషన్‌లోనే అయిపోతుంది. ప్రైమర్ (పంపులోని గాలి లాగేసేది) వేస్తే అర నిమిషంలోపు నీరు అందుకోవాలి. అందుకోలేదంటే ఎక్కడో గాలి లాగుతున్నట్టు, చాలాసార్లు అది కప్లింగ్‌లో అరిగిన వాషరే. ఈ పరీక్షకి మేము ఇప్పటికీ చెరువు గట్టుకి పోవాల్సి వస్తోంది. బోరు నీరు ఉప్పన కాబట్టి సంపులోకి మంచినీళ్ళ లైను వేరేగా తెచ్చుకున్నాం. ఉప్పునీరు పోస్తే ముందు ట్యాంకు అతుకులు, తర్వాత వాల్వులు తినేస్తుంది.

తలుపుల విషయంలో మాత్రం రాజీ పడకండి. మాకు పెట్టింది 14 అడుగుల రోలింగ్ షట్టర్లు. చూపుకి బ్రహ్మాండం. చుట్ట పూర్తిగా ఎక్కకపోతే కింది పట్టీ జానెడు కిందే వేలాడుతుంది, బండి నెత్తిన 35 అడుగుల నిచ్చెన ఉంటుంది, హడావిడిలో నిచ్చెన కొక్కెం దానికి తగులుతుంది. ఉప్పుగాలికి పక్క చానళ్ళు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. కరెంటు లేకపోతే చైను లాగాలి, ఒక్కో షట్టరుకి ముప్పావు నిమిషం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ తీరం దాటినప్పుడు గాలి ఒత్తిడికి రేకులు లోపలికి ఉబ్బి చానల్ లోంచి ఊడాయి. రేకు కొసలకి గాలి పట్టీలు (రేకుని చానల్‌లోనే పట్టి ఉంచేవి) బిగించి ఉంటే ఊడేవి కావు. తర్వాత ఒక తలుపుకి షట్టర్ తీసేసి నాలుగు మడతల ఇనుప తలుపు పెట్టించాం. అడ్డగడియ తీసి తోస్తే ఐదారు సెకన్లు. కరెంటు అక్కర్లేదు, నెలకోసారి కీళ్ళకి గ్రీజు చాలు. రెండో తలుపుకీ అదే చేయాలి.

బండి బయల్దేరడంలో ఇంకో ఆలస్యం చాలామందికి తట్టనిది, ఎయిర్ బ్రేకులు. బండి రాత్రంతా నిలబడితే గాలి దిగిపోతుంది. స్టార్ట్ చేశాక గేజి 5 కేజీలు దాటేదాకా బజర్ మోగుతూనే ఉంటుంది, బ్రేకు విడవదు. గోడకి చిన్న కంప్రెసర్ పెట్టి సన్న గొట్టంతో బండికి ఎప్పుడూ గాలి అందిస్తే ఈ బాధ తప్పుతుంది. పక్కనే బ్యాటరీ చార్జర్. రెండిటికీ లాగితే ఊడొచ్చే కప్లింగులే పెట్టాలి, లేదంటే గొట్టం, ప్లగ్గు, గోడ పెచ్చుతో సహా బండి వెళ్ళిపోతుంది. వైర్లు పైకప్పు నుంచి దిగాలి. నేల మీద పాకితే చక్రాల పాలే.

గ్యారేజీ నేలకి విట్రిఫైడ్ టైల్స్ వేశారు. ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు. నిండు బండి బరువుకి వెనక చక్రాల చోట ఏడాదిలోపే పగిలాయి, తడిస్తే గంబూట్లు జారతాయి. ఆ రెండు పట్టీలూ తవ్వి, 200 మి.మీ. మందాన రెండు వరసల ఊచలతో ఎం30 కాంక్రీటు పోసి, పైన చీపురు గీతలు గీయించాం. వాలు 60 అడుగులకి ఒక అడుగు చొప్పున ముందుకే ఉండాలి. వెనక్కి వాలితే కారిన నీరంతా గోడ మొదట్లో నిలిచి దోమలు. ముందున్న కాలవ మీది జాలీ మామూలు యాంగిల్‌ది వేస్తే చక్రం ఎక్కిన చోటల్లా దిగబడుతుంది.

ఒంటికి సంబంధించినది ఒకటి. ఫైర్‌మన్ ఉద్యోగంలో సోకేవి క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో తేల్చింది, డీజిల్ పొగ గురించి 2012లోనే చెప్పింది. ఇక్కడ పొద్దున్న బండ్లు స్టార్ట్ చేస్తే పొగ మెట్ల మీదుగా నేరుగా పై పడక గదిలోకి పోయేది. మెట్ల మొదట్లో దానంతటదే మూసుకునే తలుపు, గ్యారేజీ వెనక గోడలో పైన జాలీలు పెట్టాక తగ్గింది. మసి బట్టలు ఉతికే చోటు గ్యారేజీ పక్కనే, పడకలకి దూరంగా ఉండాలి. జీడి ఫ్యాక్టరీల ప్రాంతంలో ఇది మరీ అవసరం. కాలిన జీడి తొక్కల నూనె చేతికి అంటితే బొబ్బలెక్కుతుంది, ఆ బట్టలు మామూలు బట్టల్లో కలపకూడదు.

హోస్‌లు ఆరబెట్టే టవర్ ప్లానులో ఉంది, కట్టేటప్పుడు ఎగిరిపోయింది. తడి హోస్ చుట్టేసి పెడితే పైనేత బూజు పట్టి మడతల దగ్గర చిట్లుతుంది. ఎండలో పరిస్తే లోపలి రబ్బరు పాడు. ఓవర్‌హెడ్ ట్యాంకు స్తంభాలకి కప్పీలు బిగించి, 15 మీటర్ల హోస్ సగానికి మడిచి నీడ పట్టున వేలాడదీస్తున్నాం. ఏడున్నర మీటర్లు ఎత్తు ఉంటే చాలు. వానాకాలంలో రెండు రోజులు పడుతుంది.

పడక గదులు, వంటగది, ఆఫీసు బాగున్నాయి. వాచ్ రూమ్ కిటికీ లోంచి గ్యారేజీ కనబడుతుంది, అది మంచి పని. ఫోను ఎదురుగా మాత్రం ఖాళీ గోడ వదల్లేదు, అల్మరాలు కట్టేశారు. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్ళు, పేట, వలస, పురం అని కొసలు మారేవి, ఈ జిల్లాలో ఎన్నో. బందలు, రైలు గేట్లు, ఇరుకు కల్వర్టులు గుర్తులు పెట్టిన పెద్ద మ్యాపు అక్కడే ఉండాలి. ఒక అల్మరా తలుపులు మూసేసి దాని మీద అంటించాం.

చోటు ఎంపిక సగం ఒప్పు. సంత ఇరుకు, రైలు గేటు రెండూ తప్పాయి. కానీ స్టేషన్ జాతీయ రహదారికి తూర్పున ఉంది, గేటు ఎదురుగా డివైడర్‌కి గండి లేదు. ఉత్తరం వైపు కాల్ వస్తే ముందు దక్షిణంగా పోయి, గండి దగ్గర తిరిగి, మళ్ళీ స్టేషన్ ముందు నుంచే వెళ్ళాలి. మేము బిల్డింగులో మిగిల్చుకున్న సెకన్లన్నీ ఆ ఒక్క మలుపులో పోతున్నాయి. స్థలం చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ముందు ఆ డివైడర్ దగ్గర నిలబడి అటూ ఇటూ చూడండి.