మూత్రాశయానికి బోటాక్స్: కొన్నేళ్లు చేయించుకున్నాక నా అభిప్రాయం

ముందే చెబుతున్నాను, మూత్రం ఆపుకోలేని ఆత్రానికి కండరాన్ని సడలించే ఈ బోటాక్స్ ఇంజెక్షన్ నాకు పనిచేసింది. ఇప్పటికీ చేయించుకుంటున్నాను. అయితే ఒక్క ఇంజెక్షన్‌తో పీడ వదిలిపోతుందనుకుని వెళ్లేవాళ్లు ఆగండి. దీనికి గడువుంది, గడువు తీరినప్పుడల్లా ఖర్చుంది.

దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడటం వేరే సమస్య, దానికి ఇది మందు కాదు. నాది ఉన్నట్టుండి ముంచుకొచ్చే ఆత్రం. తలుపు తాళం తీసేలోపే చీర తడిసేది. రాత్రి ఎన్నిసార్లు లేచేదాన్నో లెక్కలేదు. తిరుపతిలో ఉంటూ కొండకు వెళ్లడం మానేశాను. దర్శనానికి వేచి ఉండే కంపార్టుమెంటులో మరుగుదొడ్డి ఉంటుంది, కాదనను. గేటు తీసి వరుస కదిలాక వెనక్కి తిరగడం ఎవరి తరం? ఘాట్‌ రోడ్డులో బస్సును ఆపమనడం అంతకన్నా కష్టం.

నేరుగా ఇంజెక్షన్ రాయరు. ముందు మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేస్తారు. తర్వాత మూడు రోజుల డైరీ: ఎంత తాగాం, ఎప్పుడు వెళ్లాం, గీతల కప్పులో పట్టి చూస్తే ఎంత వచ్చింది. కాఫీ తగ్గించడం, వేళకు వెళ్లడం, కటి కండరాల వ్యాయామం చేశాక మాత్రలు. సోలిఫెనాసిన్‌తో నోరు పిడచకట్టుకుపోయింది, మలబద్ధకం తోడైంది. మిరాబెగ్రాన్‌తో ఆ బాధ లేదు, కానీ బీపీ చూసుకుంటూ ఉండాలి. నాకు గుణం అంతంతమాత్రమే.

ఇక ఇంజెక్షన్. మత్తు జెల్ పెట్టి కాసేపు ఆగి, సన్నని సిస్టోస్కోపును, అంటే కెమెరా ఉన్న గొట్టాన్ని, మూత్రనాళం గుండా లోపలికి పంపుతారు. మూత్రాశయం గోడలో దాదాపు ఇరవై చోట్ల, మొత్తం 100 యూనిట్లు పొడుస్తారు. తెర నా వైపే ఉంది. లేత గులాబీ గోడ, దాని మీద సన్నని ఎర్రటి రక్తనాళాలు, సూది దిగిన చోట చిన్న బుడిపె లేవడం అన్నీ కనిపించాయి. ప్రతిసారీ చీమ కుట్టినట్టు చురుక్కుమంది, అంతే. అదే రోజు ఇంటికి పంపారు. మంట, కాస్త ఎరుపు కలిసిన మూత్రం త్వరగానే సర్దుకున్నాయి.

గుణం మర్నాడే కనిపించదు, రెండు వారాల దాకా పట్టవచ్చు. నరాల చివర్ల నుంచి కండరానికి ‘ముడుచుకో’ అనే సంకేతాన్ని మోసే రసాయనం విడుదల కాకుండా ఈ మందు అడ్డుకుంటుంది. నరాలు మళ్లీ పుంజుకున్నాక ఆత్రం తిరిగి వస్తుంది. నాకు ఆరు నెలలు దాటే నిలుస్తోంది. మళ్లీ వేయాలంటే కనీసం 12 వారాలు ఆగాలి. అమెరికాలో ఈ జబ్బుకు దీన్ని 2013లో అనుమతించారు, కాబట్టి నిన్నమొన్నటి ప్రయోగమేమీ కాదు.

అసలు చిక్కు మరొకటుంది. కండరం మరీ మెత్తబడితే మూత్రం పూర్తిగా దిగదు. పెద్ద పరీక్షల్లో నూటికి ఆరేడుగురు కొంతకాలం సన్నని గొట్టం పెట్టుకుని ఖాళీ చేసుకోవాల్సి వచ్చింది. ఒక విడతలో నేనూ ఆ లెక్కలో చేరాను. ‘‘భయపడకండమ్మా, మొదట్లో అద్దం పెట్టుకోండి, చేయి తిరిగాక అదీ అక్కర్లేదు’’ అంది నర్సు. నిజంగానే తిరిగింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా మామూలుగా వచ్చేదే. అందుకే ఇంజెక్షన్ తర్వాత స్కాను చేసి, లోపల ఎంత మిగిలిందో చూసే చోటే చేయించుకోండి.

నేను మొదట వెళ్లిన ఆస్పత్రిలో ఈ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. మందు సీసా ధర వేరే బిల్లని చివర్లో తెలిసింది. పైగా ‘‘ఎన్నిసార్లు తడుస్తుందమ్మా?’’ అని నలుగురి మధ్య గట్టిగా అడిగారు. ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఈ బాధను ఎందుకు దాచుకుంటారో ఆ గదిలో కూర్చుంటే తెలుస్తుంది.

రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, మయస్థీనియా వంటి కండరాల జబ్బు ఉన్నా ముందే చెప్పాలి. గొట్టం పెట్టుకోవడానికి మనసొప్పనివాళ్లు, చేతివేళ్లు సరిగా ఆడనివాళ్లు చీలమండ దగ్గర సన్నని సూదితో నరానికి విద్యుత్ ప్రేరణ ఇచ్చే చికిత్స గురించి అడగండి. వారానికి ఒకసారి, అరగంట చొప్పున 12 వారాలు తిరగాలి. ఓపిక కావాలి, కానీ నచ్చకపోతే మధ్యలో మానేయవచ్చు. బోటాక్స్ ఒకసారి లోపలికి వెళ్లాక ఆ వీలుండదు, దాని గడువు తీరాల్సిందే.