వోల్వ ఎవరో తెలియాలంటే: సాగానా, సమాధా, చట్టమా?

వెయ్యేళ్ల కిందటి ఉత్తర యూరప్‌లో, వైకింగుల కాలపు వోల్వను తెలుగులో మంత్రగత్తె అనేస్తున్నారు. ఆ మాటలోనే నింద ఉంది. కర్ర పట్టుకొచ్చి జరగబోయేది చెప్పే ఆడమనిషి ఆమె. సోదెమ్మ అంటే కాస్త దగ్గర. ఆమె జాడ వెతకడానికి మూడు చోట్లున్నాయి: సాగాలు (ఐస్‌లాండ్ వాళ్లు రాసిన పాత గద్యకథలు), సమాధులు, చట్టాలు.

ఎర్ర ఎరిక్ సాగాలో ఉన్నంత వివరం ఇంకెక్కడా లేదు. గ్రీన్‌లాండ్‌లో కరువొచ్చిన ఏడు ఒక రైతు థోర్బ్యోర్గ్ అనే వోల్వను ఇంటికి పిలుస్తాడు. ఎత్తుపీట వేసి, కోడి ఈకల దిండు పరుస్తారు. మేకపాల జావ, దొరికిన జంతువులన్నిటి గుండెలు వండిపెడతారు. ఆమెకు నల్ల గొర్రెపిల్ల తోలు టోపీ, పిల్లితోలు చేతితొడుగులు, ఇత్తడి బుడిపె ఉన్న కర్ర. మర్నాడు ఆడవాళ్లు చుట్టూ నిలబడతారు, ఒకరు పాట పాడాలి. అది వచ్చినది గుద్రిద్ అనే ఆమె ఒక్కతికే. తను క్రైస్తవురాలు కాబట్టి పాడటానికి ముందు ఒప్పుకోదు. చిక్కల్లా కాలంతోనే: కథ క్రీ.శ. 1000 ప్రాంతానిది, రాసింది 13వ శతాబ్దంలో, క్రైస్తవులు. అందుకని ప్రతి వోల్వ బొమ్మకూ ఆ పిల్లితోలు తొడగడం పొరపాటు. ఆమెకు జరిగిన మర్యాద, దాని వెనకున్న బెదురు మాత్రం నమ్మదగ్గవి.

ఒక్కటే ఎంచుకోమంటే సమాధే మేలు. డెన్మార్క్‌లో, 980 ప్రాంతంలో కట్టిన ఫ్యుర్కాత్ కోట పక్క శ్మశానంలో ఒక స్త్రీని బండి తొట్టిలో పడుకోబెట్టి పూడ్చారు. కాలివేళ్లకు వెండి ఉంగరాలు, కుర్చీ ఆకారంలో చిన్న వెండి తాయెత్తు, డబ్బీ ఆకారపు బ్రోచ్‌లో సీసపు సఫేదా (తెల్ల రంగు పొడి), ఇనుప కడ్డీ, మత్తెక్కించే ఖురాసాని వాము గింజలు వందల కొద్దీ దొరికాయి. ఇవి ఎవరూ కల్పించి రాసినవి కావు. గింజలు కనపడగానే పూనకానికే వాడిందని తేల్చేయకూడదు, అది నొప్పి మందు కూడా. స్వీడన్‌లోని క్లింటాలో దొరికిన 82 సెంటీమీటర్ల కడ్డీ కొసన చిన్న ఇల్లు ఉంది. ఇలాంటి కడ్డీలను చాలాకాలం మాంసం కాల్చే ఊచలనుకున్నారు. వీటిలో వోల్వ కర్రను గుర్తుపట్టగలిగింది సాగాలు చదివినందువల్లే. అంటే సమాధి కూడా పూర్తిగా సొంత సాక్ష్యం కాదు.

భయం ఎంతో కొలవాలంటే చట్టం చూడాలి. ఐస్‌లాండ్ పాత చట్టాల సంపుటి గ్రాగాస్‌లో మంత్రాలు వేస్తే మూడేళ్ల బహిష్కారం. దానివల్ల మనుషులకో పశువులకో జబ్బు, చావు వస్తే పూర్తి బహిష్కారం, అలాంటివాణ్ణి చంపినా తప్పు లేదు. కానీ చట్టం చేష్టనే చెబుతుంది, మనిషిని చూపించదు. వోల్వలు చేసే సెయిద్ర్ అనే మంత్రవిద్య మగవాళ్లకు సిగ్గుచేటని 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్ రచయిత స్నోరి రాశాడు. అయినా అదే ఐస్‌లాండ్‌లో 17వ శతాబ్దంలో మంత్రగాళ్లని కాల్చిన 21 మందిలో ఆడమనిషి ఒక్కతే, మిగిలినవాళ్లంతా మగవాళ్లే.