పర్లాకిమిడి వసారాలో లెక్సింగ్టన్ పోరు: ఒక బోర్డు గేమ్ సమీక్ష

అమెరికా విప్లవంలో తొలి తూటా పేలిన 1775 ఏప్రిల్ 19 నాటి పోరును ఆటగా మలిచిన ఈ బోర్డు గేమ్‌ను, పర్లాకిమిడిలో మా వసారాకు చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లల కోసం 2,400 రూపాయలకు తెప్పించాను. ఆరుసార్లు ఆడిన తరువాత ఈ మాటలు రాస్తున్నాను.

ఒక జట్టు బోస్టన్ నుంచి బయలుదేరిన సుమారు 700 మంది బ్రిటిష్ సైనికులను నడిపి, కాంకర్డులో దాచిన ఆయుధాలను ధ్వంసం చేసి తిరిగి రావాలి. రెండవ జట్టుకు చుట్టుపక్కల ఊళ్ల రైతుదళాలు ఉంటాయి. తెల్లవారుజామున దారిలోని లెక్సింగ్టన్ ఊరి పచ్చికపై రైతుదళ నాయకుడు జాన్ పార్కర్ వెంట నిలిచినవారు దాదాపు 77 మంది మాత్రమే. వారిలో 8 మంది అక్కడే నేలకొరిగారు. మా పిల్లలు మొదటిసారి ఆ పచ్చికను వదలనని పట్టుబట్టి, దళమంతటినీ పోగొట్టుకున్నారు. నిజానికి పార్కర్ తనవారిని చెదిరిపొమ్మన్నాడు. మిగిలినవారిని కూడగట్టుకొని, అదే రోజు మధ్యాహ్నం తిరుగుదారిలో లింకన్ అనే ఊరి సరిహద్దు దగ్గర మాటు వేశాడు.

ఆట గొప్పతనమంతా ఆ తిరుగుదారిలోనే ఉంది. సైన్యానికి ఉన్నది ఒక్కటే బాట. రైతులు మాత్రం రాతిగోడల చాటున కాల్చి, అడ్డదారిన ముందుకు పోయి మళ్లీ కాచుకోవచ్చు. ఆర్. ఉదయగిరి వైపు కొండ ఊరి కుర్రవాడొకడు దీన్ని ఇట్టే పట్టేశాడు: "ఘాట్‌రోడ్డులో బస్సు ఎక్కడ నెమ్మదిస్తుందో మాకు తెలిసినట్టే, వాళ్లకీ ఆ మలుపులు తెలుసు కదండీ మాస్టారూ!" 1774 శరదృతువు నుంచే ఆ ఊళ్లు పిలిచిన నిమిషంలో కదిలే దళాలను సిద్ధం చేసుకున్నాయి. కసరత్తు కార్డులు ముందే కూడబెట్టుకోని జట్టు ఓడిపోయేలా నియమం పెట్టినందుకు తయారీదారులను మనసారా మెచ్చుకుంటున్నాను.

లోపాలు లేకపోలేదు. ఇంటింటా తలపడిన, ఆ రోజుకెల్లా భీకరమైన, తిరుగుదారిలోని మెనోటమీ ఊరి పోరుకు ఒక్క గడి కేటాయించడం అన్యాయం. అట్టబిళ్లలు వానాకాలపు చెమ్మకు వంకరపోయాయి. నియమావళి ఆంగ్లంలోనే ఉన్నందువల్ల తెలుగులో నేనే రాసుకోవలసి వచ్చింది.

సుమారు వెయ్యిమందితో, రెండు ఫిరంగులతో బ్రిటిష్ సేనాని పెర్సీ సాయంగా ఎదురు వచ్చి ఉండకపోతే ఆ బ్రిటిష్ సైన్యం బోస్టన్ దారి పట్టగలిగేదా అన్న వాదన మా వసారాలో ఇంకా తెగలేదు. పన్నెండేళ్లు దాటిన పిల్లలున్న ఇంట దీన్ని తప్పక కొనవచ్చు. అయితే పార్కర్ దళాన్ని పచ్చిక నుంచి వెనక్కి తీసుకోవచ్చని మాత్రం వారికి ముందుగా చెప్పకండి.